నెదర్లాండ్స్‌లో మొదటి ఏడాది: అడగందే అమ్మైనా పెట్టదు

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా మన కోటబొమ్మాళి, టెక్కలి, పలాస వైపు తల్లిదండ్రుల కోసం చేస్తున్నాను. పిల్లలు చూసినా మంచిదే. ఈ మధ్య మనవైపు నుంచి అమెరికా, ఆస్ట్రేలియాలతో పాటు నెదర్లాండ్స్‌కి కూడా పిల్లలు బయల్దేరుతున్నారు. డెల్ఫ్ట్‌లో ఇంజనీరింగ్‌కి, వాగెనింగన్‌లో వ్యవసాయ చదువులకి, ఐందోవెన్ పక్కన వెల్డ్‌హోవెన్‌లో చిప్పుల యంత్రాలు తయారుచేసే ఏఎస్ఎమ్ఎల్ కంపెనీలో ఉద్యోగాలకి, ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర ఆమ్‌స్టెల్వేన్‌లో ఐటీ ఉద్యోగాలకి. నేను కోటబొమ్మాళి వాడినే. ఐందోవెన్ దగ్గర కొన్నేళ్ళుగా ఉంటున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ఇక్కడికి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ రెండు మూడు నెలలకి ఇంటికి ఫోన్ చేసి ఒకటే మాట అంటారు. "అమ్మా, ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. ఇంటికి పిలవరు. జ్వరమొస్తే డాక్టరు మందు కూడా ఇవ్వడు." అక్కడ అమ్మకి నిద్ర పట్టదు. "ఏటి బావూ, మనుషులు కారేటి వాళ్ళు?" అంటుంది. మనుషులేనండి. మంచి మనుషులే. కాకపోతే పద్ధతి వేరు. మన సామెత ఉంది కదా, అడగందే అమ్మైనా పెట్టదు అని. మనకి అది సామెత మాత్రమే, ఎందుకంటే మన అమ్మలు అడక్కుండానే పెడతారు. ఈ దేశంలో మాత్రం అది నిజంగా పద్ధతి. అడిగితే అన్నీ ఉన్నాయి, అడక్కపోతే ఏదీ రాదు. ఈ ఒక్క ముక్క అర్థమైతే మొదటి ఏడాది సగం గట్టెక్కినట్టే.

నీళ్ళ దేశం

ముందు దేశం గురించి రెండు మాటలు. జనాభా సుమారు 1 కోటి 80 లక్షలు. నేలలో నాలుగో వంతు దాకా సముద్ర మట్టం కన్నా కిందే ఉంది. మీ పిల్లలు దిగే స్కిపోల్ విమానాశ్రయం కూడా సముద్ర మట్టానికి కిందే.

అదెలా అంటే, మన నౌపడ ఉప్పు మడులు చూశారు కదా. చుట్టూ గట్టు, మధ్యలో కాలువ. మనం సముద్రపు నీటిని లోపలికి తెచ్చి ఆరబెడతాం. వీళ్ళు సరిగ్గా తిరగేసి చేశారు. చుట్టూ గట్టు వేసి, లోపలున్న నీటిని బయటకి తోడేసి, ఆ నేల మీద ఊళ్ళు కట్టుకున్నారు. దాన్ని పోల్డర్ అంటారు. ఫొటోల్లో మనం చూసే గాలిమరలు చాలావరకు ఆ నీళ్ళు తోడటానికి పెట్టినవే. కిండర్‌డైక్ అనే ఊళ్ళో అలాంటివి 19 ఒకేచోట ఉన్నాయి. ఇప్పుడు ఆ పని ఎక్కువగా పంపులు చేస్తున్నాయి.

మనకి 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు ఎలా పడిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. వీళ్ళకి అలాంటి రాత్రి 1953 జనవరి 31. ఆ వరదలో గట్లు తెగి 1,836 మంది చనిపోయారు. ఆ తర్వాతే డెల్టా వర్క్స్ అని పెద్ద పెద్ద అడ్డుకట్టలు కట్టారు. నీటి కోసం వేరే బోర్డులు ఉంటాయి, వాటికి వేరే ఎన్నికలు, వేరే పన్ను. అవి 13వ శతాబ్దం నుంచీ ఉన్నాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఒకడి గట్టు తెగితే పక్కవాడి ఇల్లు మునుగుతుంది. అలాంటి చోట రాజైనా, రైతైనా కూర్చుని మాట్లాడుకోవాలి, ఒప్పుకున్న మాట ప్రకారం నడవాలి. మా స్వభావం అక్కడి నుంచే వచ్చిందని వాళ్ళే చెప్పుకుంటారు. పోల్డర్ మోడల్ అని దానికి పేరు కూడా పెట్టుకున్నారు. ఆఫీసులో ప్రతి చిన్నదానికీ మీటింగ్ ఎందుకు, ప్రతిదానికీ టైమ్ ఎందుకు అని విసుక్కునే ముందు ఇది గుర్తుంచుకోండి.

మొదటి వారం: అడ్రస్

ఇప్పుడు అసలు సంగతి. నెదర్లాండ్స్‌లో మనిషికి ముందు కావాల్సింది అడ్రస్. 4 నెలల కన్నా ఎక్కువ ఉండటానికి వచ్చినవాళ్ళు, వచ్చిన 5 రోజుల్లోపు మున్సిపాలిటీలో పేరు రాయించుకోవాలి. మున్సిపాలిటీని ఇక్కడ ఖెమేంతె అంటారు. అక్కడ బీఎస్ఎన్ అనే నంబరు ఇస్తారు. మన ఆధార్ లాంటిదనుకోండి. జీతానికి, ఇన్సూరెన్స్‌కి, పన్నుకి, బ్యాంకుకి అన్నిటికీ అదే అడుగుతారు.

చిక్కు ఎక్కడంటే, పేరు రాయించుకోవాలంటే ఇంటి అడ్రస్ ఉండాలి, ఆ ఇంట్లో పేరు నమోదు చేసుకోవడానికి యజమాని ఒప్పుకోవాలి. ఇక్కడ ఇళ్ళ కొరత చాలా ఎక్కువ. గది దొరక్కపోతే రావద్దు అని కొన్ని యూనివర్సిటీలే విద్యార్థులకి ముందుగా చెబుతున్నాయి. ఈ కొరత చూసి మోసగాళ్ళు తయారయ్యారు. ఇంటర్‌నెట్‌లో ఫొటోలు పెడతారు, "నేను విదేశంలో ఉన్నాను, అడ్వాన్సు పంపితే తాళాలు పోస్టులో పంపుతాను" అంటారు. అక్కడ పొలం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు ఒక్క క్లిక్కుతో పోతుంది. కాబట్టి తల్లిదండ్రులూ, గది చూడకుండా, లేదా నమ్మకమైన మనిషి వెళ్ళి చూడకుండా, డబ్బు పంపనివ్వకండి. "ఈ అడ్రస్‌లో పేరు నమోదు చేసుకోవచ్చా?" అని ముందే అడగమనండి. తప్పించుకునే సమాధానం వస్తే ఆ గది వద్దు.

విద్యార్థులకి పని సంగతి కూడా చెప్పేస్తాను. మన పిల్లలు వారానికి 16 గంటలు, లేదంటే జూన్, జూలై, ఆగస్టు నెలల్లో పూర్తి సమయం పని చేయొచ్చు. దానికి కూడా యజమాని పర్మిట్ తీసుకోవాలి. కాబట్టి పార్ట్ టైమ్ చేసి ఫీజు కట్టేస్తాడులే అనే లెక్కతో అప్పు చేయకండి. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఒక ఏడాది ఉండే అవకాశం ఉంది. ఆ ఏడాదిని లెక్కలో పెట్టుకోండి.

డాక్టరు మందు ఎందుకివ్వడు

ఎక్కువ భయపెట్టేది ఇదే. మనవైపు జ్వరమొస్తే ఏం చేస్తాం? ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే ఒక ఇంజెక్షన్, మూడు రకాల బిళ్ళలు. లేదా నేరుగా శ్రీకాకుళమో, విశాఖో వెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించుకుంటాం. ఇక్కడ అలా కుదరదు. ప్రతివాళ్ళకీ ఒక ఇంటి డాక్టరు ఉండాలి. హౌస్‌ఆర్ట్స్ అంటారు. ఆయన చూసి, అవసరమనుకుని చీటీ రాస్తేనే స్పెషలిస్టు దగ్గరికి. ఒక్కొక్కరికి 10 నిమిషాలే. ఎక్కువసార్లు "పారాసిటమాల్ వేసుకో, తగ్గకపోతే మళ్ళీ ఫోన్ చెయ్యి" అంటాడు. అవసరం లేని యాంటీబయోటిక్ ఇవ్వకూడదన్నది ఇక్కడి వైద్యంలో గట్టి నియమం. అది నిర్లక్ష్యం కాదు.

కానీ ఒక మాట. "తగ్గకపోతే మళ్ళీ ఫోన్ చెయ్యి" అన్నాడంటే నిజంగా చెయ్యమనే అర్థం. మనం మొహమాటపడి ఊరుకుంటాం. ఊరుకుంటే తగ్గిపోయిందనుకుంటారు. రాత్రివేళ, సెలవురోజుల్లో చూసే డాక్టర్ల కేంద్రాలు వేరే ఉంటాయి, ముందు ఫోన్ చెయ్యాలి. ప్రాణం మీదకొస్తే 112.

ఇక మన ఉద్దానం వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. మన ఊళ్ళలో కిడ్నీ జబ్బు సంగతి మనందరికీ తెలుసు. కారణం ఇదీ అని ఇంకా ఎవరూ గట్టిగా తేల్చలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. కానీ ఐందోవెన్‌లోనో, డెల్ఫ్ట్‌లోనో కూర్చున్న డాక్టరుకి ఉద్దానం అంటే ఏం తెలుస్తుంది? పాతికేళ్ళ కుర్రాడు, చూడ్డానికి దిట్టంగా ఉన్నాడు. ఆయనకి కిడ్నీ పరీక్ష చేయించాలన్న ఆలోచన ఎందుకొస్తుంది? ఈ జబ్బు మొదట్లో బయటకి కనబడదు కదా.

కాబట్టి డాక్టరు దగ్గర కొత్తగా పేరు రాయించుకునేటప్పుడే మీరే నోరు తెరిచి చెప్పాలి. "మా ప్రాంతంలో ఈ జబ్బు ఎక్కువ. మా ఇంట్లో ఫలానా వాళ్ళకి ఉంది. నాకు క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించండి" అని. కారణం చెప్పి అడిగితే వింటారు, ఫైల్‌లో రాసుకుంటారు. ఇంకొకటి, ఇక్కడ ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు చీటీ లేకుండా షాపులో దొరుకుతాయి. కిడ్నీ అనుమానం ఉన్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా వాటి జోలికి వెళ్ళకూడదు. తల్లిదండ్రులూ, ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ జరుగుతుంటే పిల్లాడు భయపడతాడని దాచకండి. ఆ సమాచారం వాడికి సూట్‌కేసులో పెట్టే జీడిపప్పు కన్నా ముఖ్యం.

ఖర్చు సంగతి. ఇక్కడ పనిచేసే ప్రతివాళ్ళూ ఆరోగ్య బీమా తీసుకోవాలి. ఏడాదికి మొదటి 385 యూరోలు మన జేబులోంచి పోతాయి, ఆ తర్వాత బీమా. ఇంటి డాక్టరుని కలవడానికి ఆ 385 వర్తించదు. రక్తపరీక్షలకి వర్తిస్తుంది. చదువుకునే పిల్లలకి వేరే ప్రైవేటు బీమా ఉంటుంది. కానీ పార్ట్ టైమ్ ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డచ్చి బీమా తప్పనిసరి, ఇది చాలామందికి తెలీదు. పెద్దవాళ్ళ పళ్ళ వైద్యం మామూలు బీమాలో రాదు. పిప్పి పన్ను ఉంటే బయల్దేరక ముందే చూపించేసుకోండి.

మొహం మీద చెప్పేస్తారు

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. ఆఫీసులో నా మొదటి ప్రెజెంటేషన్ అయ్యాక ఒక సహోద్యోగి అందరి ముందే అన్నాడు, "చాలా పొడుగ్గా ఉంది, సగం నాకు అర్థం కాలేదు" అని. పావుగంట తర్వాత ఆయనే కాఫీకి పిలిచి, తన పిల్లల గురించి కబుర్లు చెప్పాడు. నాకు పొద్దున్నుంచీ అన్నం సయించలేదు, ఆయనకి మాత్రం అది గొడవే కాదు. పని గురించి అన్నాడు, నా గురించి కాదు. పక్కకి తీసుకెళ్ళి మెత్తగా చెప్పడం మనకి మర్యాద. ఉన్నదున్నట్టు చెప్పడం వాళ్ళకి మర్యాద, దాచితే అవతలివాడిని తక్కువ చేసినట్టు.

మేనేజర్ని సార్ అనరు, పేరుపెట్టి పిలుస్తారు. ప్రొఫెసర్ని కూడా చాలాచోట్ల అంతే. డచ్చిలో మీరు, నువ్వు రెండూ ఉన్నాయి. కొత్త పెద్దవాళ్ళని "ఉ" అంటారు, అంటే మీరు. కాస్త పరిచయం కాగానే "యై" అనమంటారు, అంటే నువ్వు. మన నోటికి అది మహా కష్టం. కానీ ఆ దేశంలో గొప్ప కనబరచుకోవడం మహా తప్పు. మామూలుగా ఉండు, అదే చాలు అన్నది వాళ్ళ సామెత సారాంశం. పెద్ద ఆఫీసరు కూడా సైకిల్ మీద వస్తాడు, మధ్యాహ్నం రెండు బ్రెడ్డు ముక్కల మధ్య జున్ను పెట్టుకుని తింటాడు.

తిండి దగ్గర మనవాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. కాఫీతో ఒక బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత పెట్టేస్తారు. సాయంత్రం 6 గంటలకి భోజనం, ఆ టైమ్‌కి చెప్పకుండా ఎవరింటికీ వెళ్ళకూడదు. రావాలంటే రెండు వారాల ముందు డైరీలో రాసుకోవాలి. కలిసి హోటల్‌కి వెళ్తే ఎవరి వాటా వాళ్ళదే, రాత్రికి ఫోన్‌లో టిక్కీ అనే లింకు వస్తుంది, మన ఫోన్‌పేలో రిక్వెస్ట్ పంపినట్టు. కానీ ఒకసారి డైరీలో మీ పేరు రాసుకున్నారంటే ఆ రోజు వాన కురిసినా ఆ గంటకి మీకోసం కూర్చుని ఉంటారు. "వస్తానులే" అని చెప్పి రాకపోవడం వాళ్ళకి చాలా పెద్ద అవమానం. పిలవాలనుంటే మీరే పిలవండి. పప్పు, అన్నం, వేపుడు చేసి పిలిస్తే ఆనందంగా వస్తారు. నేను చూశాను కదా.

పుట్టినరోజు పద్ధతి తమాషాగా ఉంటుంది. కుర్చీలన్నీ గుండ్రంగా వేసుకుంటారు. వచ్చినవాళ్ళు పుట్టినరోజు మనిషికే కాదు, వాళ్ళ అమ్మకి, నాన్నకి, అక్కకి, అందరికీ శుభాకాంక్షలు చెబుతారు. అది చూస్తే నాకు మన ఊరే గుర్తొస్తుంది. ఆఫీసులో అయితే పుట్టినరోజు ఎవరిదో వాళ్ళే కేకు తేవాలి.

సైకిల్, సైరన్, సంక్రాంతి

ఇక్కడ జనం కన్నా సైకిళ్ళు ఎక్కువ. సైకిల్‌కి వేరే రోడ్డు, వేరే సిగ్నల్. రాత్రి లైటు లేకపోతే జరిమానా. 2019 జూలై నుంచి సైకిల్ తొక్కుతూ ఫోన్ చేత్తో పట్టుకోవడం కూడా నేరం. ఆ ఎర్ర రోడ్డు మీద నడిచారంటే గంట కొట్టి మరీ తిడతారు.

ఇంకొకటి, నెలలో మొదటి సోమవారం మధ్యాహ్నం 12 గంటలకి ఊరంతా సైరన్ మోగుతుంది. కొత్తవాళ్ళు యుద్ధమొచ్చిందని హడలిపోతారు. ఏమీ లేదు, సైరన్ పనిచేస్తోందో లేదో చూసుకుంటారంతే.

పిల్లలున్నవాళ్ళకి ముఖ్యమైన సంగతి. 4 ఏళ్ళు నిండగానే పిల్లలు బడికి వెళ్తారు, 5 నిండాక చట్టం ప్రకారం తప్పనిసరి. బడి జరిగే రోజుల్లో సొంతంగా సెలవు పెట్టి ఊరెళ్ళడం కుదరదు. జరిమానా పడుతుంది. సంక్రాంతి వచ్చేది జనవరి మధ్యలో, క్రిస్మస్ సెలవులు అప్పటికే అయిపోతాయి. మతపరమైన పండగకి ముందుగా చెప్పి ఆ ఒక్కరోజు సెలవు అడగొచ్చు, రెండు వారాలు మాత్రం ఇవ్వరు. అందుకే మనవడు సంక్రాంతికో, కొత్తమ్మతల్లి జాతరకో రాలేదంటే కోడలి మీద కోపం పెట్టుకోకండి. వాళ్ళకి పెద్ద సెలవులు వేసవిలో 6 వారాలు. అప్పుడు వస్తారు.

పురుడు సంగతి వింటే మీరే మెచ్చుకుంటారు. కాన్పయ్యాక ఒక నర్సు ఇంటికే వస్తుంది, సాధారణంగా 8 రోజులు. బాలింతని చూస్తుంది, బిడ్డకి స్నానం నేర్పుతుంది, ఇల్లు కూడా కాస్త సర్దుతుంది. క్రామ్‌జోర్ఖ్ అంటారు. దీన్ని కూడా గర్భం తెలిసిన మొదట్లోనే అడిగి రాయించుకోవాలి. బిడ్డని చూడటానికి వచ్చినవాళ్ళకి రస్కు మీద వెన్న రాసి, పంచదార పూత పూసిన సోంపు గింజలు చల్లి పెడతారు. ఆడపిల్లయితే గులాబీ రంగు, మగపిల్లాడైతే నీలం. మనం బాలింతకి కాయం పెడతాం, వాళ్ళు చుట్టాలకి సోంపు పెడతారు.

భాష, మనవాళ్ళు

ఇంగ్లీషుతో బతికేయొచ్చు, అది నిజం. కానీ బతికేయడం వేరు, కలిసిపోవడం వేరు. చదువుకి, కంపెనీ ఉద్యోగానికి వచ్చినవాళ్ళకి డచ్చి పరీక్ష తప్పనిసరి కాదు. కానీ 5 ఏళ్ళయ్యాక శాశ్వతంగా ఉండాలన్నా, పౌరసత్వం కావాలన్నా భాష, సమాజం గురించి పరీక్ష రాయాలి. పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం వదులుకోవాలి. ఆ నిర్ణయం ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సింది.

మరి మనవాళ్ళు అనేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. ది హేగ్ నగరంలో సురినామ్ నుంచి వచ్చిన హిందుస్తానీలు చాలామంది ఉన్నారు. 1873లో కలకత్తా నుంచి లల్లా రూఖ్ అనే ఓడలో కూలీలుగా సురినామ్ వెళ్ళిన కుటుంబాలతో ఆ కథ మొదలైంది. 1975లో సురినామ్‌కి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో వాళ్ళ పిల్లలు ఎంతోమంది ఇక్కడికి వచ్చారు. వాళ్ళ దుకాణాల్లో బెండకాయ, కొత్తిమీర, పచ్చిమిర్చి దొరుకుతాయి. ఆ దుకాణంలో మొదటిసారి బెండకాయ చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనవాళ్ళు నాకు తెలుసు.

అసలు డచ్చివాళ్ళే ఒకప్పుడు మన దగ్గర కొత్తవాళ్ళు. 1605లో మచిలీపట్నంలో దిగారు. కలంకారీ బట్ట కొని ఓడలకెత్తారు. భీమిలిలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళకి మన ఎండ, మన కారం, మన లెక్క అన్నీ కొత్తే. దుబాసీలని పెట్టుకుని, అడిగి తెలుసుకుని బతికారు. ఇప్పుడు అడగాల్సిన వంతు మనది.

చివరగా సూట్‌కేసు సంగతి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చడి పెట్టకండి, ఐరోపాలోకి పాలపదార్థాలు, మాంసం తేవడం నిషేధం, తీసి పారేస్తారు. మామిడిపళ్ళు కూడా సర్టిఫికెట్ లేకుండా రావు. కొబ్బరికాయకి మాత్రం ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు, ఉద్దానం అదృష్టం. వేయించిన పలాస జీడిపప్పు పెట్టండి, పక్కింటివాళ్ళకి ఇచ్చి పరిచయం చేసుకోవడానికి అంతకన్నా మంచిది లేదు.

ఇక నుంచి పిల్లలు ఫోన్ చేస్తే "తిన్నావా?" తో పాటు ఇంకో మూడు అడగండి. పేరు నమోదయ్యిందా? డాక్టరు దగ్గర రాయించుకున్నావా, మన ఇంటి సంగతి చెప్పావా? ఈ వారం ఎవరినైనా నువ్వే పిలిచావా? ఈ మూడింటికీ అవును అన్నాడంటే మీరు నిశ్చింతగా పడుకోవచ్చు. మీకేమైనా సందేహాలుంటే అడగండి, మొహమాటపడొద్దు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.